ఐదో నంబరు సీసా

నాకు ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పిన రోజు మా వదిన పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "అయితే మన బాయి నీళ్ళు గూడ సూస్తవా?" అని అడిగింది. చూస్తానన్నాను. అప్పటికి ఆ బావి నీళ్ళతో పప్పు ఉడకడం మానేసి మూడేళ్ళయింది. ఎంతసేపు మంట పెట్టినా పప్పు గింజ గింజగానే ఉండేది. అందుకని వదిన వంటకూ తాగడానికీ ఊరి బయట బడి దగ్గరున్న చేతిపంపు దాకా నడిచి, పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు మోసుకొచ్చేది.

ఇది తొంభైల మొదట్లో మాట. మా ఊరు వాగు ఒడ్డున ఉంటుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి వచ్చిన ఆ వాగు మా పొలాల పక్కనుంచి పోయి మంజీరలో కలుస్తుంది. వాగుకు ఆనుకుని మా నాయినకు నాలుగెకరాలుండేవి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆ పొలంలో రెండు పంటలు వరి వేసేవాళ్ళు. నేను సంగారెడ్డిలో డిగ్రీ చదివే నాటికి నారు పోస్తే కొసలు ఎర్రబడి మూడు రోజుల్లో పడిపోయేది. వాగులో దిగిన బర్రెలకు పొట్టకింద వెంట్రుకలు రాలి చర్మం బయటపడేది. నాయిన రెండేళ్ళు మొండికేసి విత్తనం వేశాడు. మూడో ఏడు నాగలిని కొట్టంలో నిలబెట్టి, ఇక పొలం వైపు వెళ్ళలేదు. మా అన్న వాగుకు ఎగువనున్న ఒక మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మా పొలాన్ని పాడుచేసిన వాటిలో అదీ ఒకటని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తలేదు. వ్యవసాయం తప్ప వేరే పని రాని మనిషికి నడిచి వెళ్ళేంత దూరంలో దొరికిన పని అదొక్కటే.

నేను చేరింది పటాన్‌చెరులో, నీళ్ళ పరీక్షలు చేసే ఒక చిన్న సర్కారు ఆఫీసులో. టెంపరరీ ఉద్యోగం. నెలకోసారి జీపులో వెళ్ళి వాగు పొడవునా ఎనిమిది చోట్ల నీళ్ళు పట్టుకురావాలి. దారిలోని ఊళ్ళలో బావులు, చేతిపంపుల నీళ్ళు కూడా పట్టాలి. ప్రతిచోటికీ ఒక నంబరు. నాలుగో నంబరు వంతెన. ఐదో నంబరు వంతెనకు దిగువన, అన్న పనిచేసే ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే కాలువ వాగులో కలిసే చోటు. ఆరో నంబరు మా ఊరు.

పని నేర్పింది మా మేడమ్. ఆమె గుంటూరు వైపు మనిషి, ఆఫీసులో పెద్ద కెమిస్టు. సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి తర్వాతే నింపాలని, నింపగానే చీటీ అంటించాలని, చీటీ మీద చోటూ వేళా అక్కడే నిలబడి రాయాలని చెప్పింది. ఒక గాజుసీసా నీళ్ళలో మాత్రం అక్కడికక్కడే రెండు మందులు చుక్కలుగా వేయాలి. నీళ్ళలో ప్రాణవాయువు ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లటి మడ్డి. మొదటిసారి ఐదో నంబరు దగ్గర నేను వేసిన మందుకు పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. చేప బతకని నీళ్ళు అలా ఉంటాయని మేడమ్ చెప్పింది. నేను చిన్నప్పుడు అదే వాగులో చున్నీతో చేపలు పట్టాను.

ఫలితాలు ఊళ్ళో చెప్పకూడదని మొదటి రోజే చెప్పారు. రిజిస్టరులో రాయాలి, పట్టిక తయారుచేయాలి, అది సంగారెడ్డిలోని పై ఆఫీసుకు వెళ్ళాలి. అక్కడివాళ్ళు ఊరికి చెబుతారు. మా బావి సీసా నేనే పరీక్ష చేశాను. ఇంటికి వెళ్తే వదిన అడిగింది. ఆ నీళ్ళు తాగొద్దన్నాను. తాగడం ఎప్పుడో మానేశాం కదా, మరి పంపు నీళ్ళ సంగతేమిటని అడిగింది. పంపు సీసా కూడా నేనే పరీక్ష చేశాను. ఏమీ చెప్పలేదు. నా మొహం చూసి ఆమెకు అర్థమైందో లేదో గానీ మళ్ళీ అడగలేదు. మూడు నెలల తర్వాత మనుషులొచ్చి పంపుకు ఎర్రరంగు పూసిపోయారు. అది తాగే నీళ్ళు కాదని గుర్తు. ఆ మూడు నెలలూ మేం ఆ నీళ్ళే తాగాం. నేనూ తాగాను.

ఎర్రరంగు పూసిన తర్వాత ఊరి ఆడవాళ్ళు డబ్బాలు, బిందెలు తీసుకుని రోడ్డు మీద కూర్చున్నారు. ఆ తర్వాతే మంచినీళ్ళ ట్యాంకరు రావడం మొదలైంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చేది. వదిన ఏడింటికే డ్రమ్ము వరసలో పెట్టి వచ్చేది. ట్యాంకరు ఎన్నాళ్ళు వస్తుందనేది మా పట్టికల మీద ఆధారపడి ఉండేది. వాగు నీళ్ళు, ఊరి నీళ్ళు చెడుగా ఉన్నన్నాళ్ళు వస్తుంది.

అన్న ఫ్యాక్టరీలో మురికినీళ్ళ తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఆ నీళ్ళను ట్యాంకర్లలో నింపి శుద్ధిచేసే చోటికి పంపాలి. ఆ సంగతి నాకు ఆఫీసులో తెలిసింది గానీ అన్న చెప్పలేదు. మేమిద్దరం పని గురించి ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. నెలలో ఒకసారి మాత్రం అన్నం తింటూ, "ఈ నెల ఎన్నడు వస్తరు చెల్లె వాగు కాడికి?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని. వాగు దగ్గర ఎండగా ఉంటుంది, టోపీ పెట్టుకో అనేవాడు. ఒకసారి తన పాత టోపీ ఇచ్చాడు కూడా.

ఒక ఏడాది గడిచేసరికి ఐదో నంబరు ఫలితాలు మెల్లగా బాగుపడ్డాయి. తెల్లమడ్డి పోయి లేత గోధుమరంగు కనిపించేది. మేడమ్‌కు అది అంతుపట్టలేదు. అక్కడ బాగుంటే కింద మీ ఊరి దగ్గర ఎందుకు బాగుపడటం లేదని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ నెల ఆమె తారీఖు మార్చింది. సోమవారం వెళ్ళాల్సినదాన్ని గురువారం పొద్దున ఆఫీసుకు రాగానే జీపెక్కించింది. తాను సంగారెడ్డిలో మీటింగు కోసం కాగితాలు సిద్ధం చేయాలని ఆగిపోయింది. నేనూ, జీపు డ్రైవరూ బయలుదేరాం. డ్రైవరు పెద్దవయసు సాయిబు, పటాన్‌చెరు మనిషే. జీపు నడపడం తప్ప ఎవరి విషయంలోనూ జోక్యం చేసుకునేవాడు కాదు.

వంతెన దగ్గర నాలుగో నంబరు పట్టుకుని ఐదో నంబరుకు దిగాం. దిగకముందే వాసన తెలిసింది. కాలువ నిండుగా పారుతోంది. నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉన్నాయి, పైన నురగ. నేను ఆ చోట అంత నీరు ఎప్పుడూ చూడలేదు. కాలువ గట్టున రబ్బరు బూట్లు వేసుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాక గానీ అది మా అన్న అని పోల్చుకోలేకపోయాను. ముక్కుకు తువ్వాల కట్టుకున్నాడు. నన్ను చూసి తువ్వాల కిందికి లాగాడు.

"ఇయ్యాల వస్తవని చెప్పలె గద" అన్నాడు.

అప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఏడాది పొడుగునా నేను అన్నం తింటూ చెప్పిన తారీఖులన్నీ గుర్తుకొచ్చాయి. మేం వచ్చే రోజున మాత్రమే ఈ కాలువ కట్టేస్తున్నారు.

"నన్ను తారీకు అడిగేది గిందుకేనా అన్నా?" అన్నాను.

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. నేను సీసా మూత తీసి వంగాను. అప్పుడు చేయి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ వట్టకు చెల్లె. వాల్వు తిప్పింది నేనే. తిప్పుమన్నది సూపర్‌వైజరు. రేపు అడిగితే నేను చెప్పలే అంటడు. నా షిఫ్టుల అయింది గద, నా మీదనే వెడ్తరు. ఇంకో రెండు నెలలైతే పర్మనెంట్ చేస్తమన్నరు. వంతెన కాడ పట్టుకపో. ఒక్కసారికే."

నేను కాదంటే అతను నన్ను తోసేవాడు కాదు. అది నాకు తెలుసు. సీసా పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇంట్లో నాయిన పని మానేశాడు, నా ఉద్యోగం ఎప్పుడు తీసేస్తారో తెలియదు, వదినకు అప్పుడు నాలుగో నెల. ఇవన్నీ ఆలోచించానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఆ నిమిషంలో మాత్రం అన్న ముక్కు చుట్టూ తువ్వాల ఒత్తుకున్న గుర్తు ఒక్కటే చూశాను. గట్టు పైనుంచి డ్రైవరు, "జల్దీ తేల్చుకో బేటా, బరఫ్ కరుగుతున్నది" అన్నాడు. సీసాలు చల్లగా ఉంచడానికి జీపులో ఐసుగడ్డ పెట్టెలో ఉండేది.

నేను లేచి గట్టెక్కాను. వంతెన దగ్గరికి పొమ్మన్నాను. డ్రైవరు నా వైపు చూసి జీపు తిప్పాడు. నాలుగో నంబరు నీళ్ళు పట్టిన చోటే ఐదో నంబరు సీసాను మూడుసార్లు కడిగి, నింపి, చీటీ అంటించాను. వేళ కూడా రాశాను. అబద్ధపు నీళ్ళ సీసాను అంత శ్రద్ధగా కడిగానన్నది తర్వాత చాలాకాలం నన్ను బాధపెట్టింది.

మర్నాడు మేడమ్ ఫలితాలు చూసి, నాలుగూ ఐదూ కవలపిల్లల్లా ఉన్నాయే అంది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని గాజునాళాలు కడుగుతున్నాను. తల ఎత్తలేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. పట్టిక సంగారెడ్డి వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళి పట్టినా నీళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి వాగు నిజంగానే మెరుగవుతోందని, మా ఊరి దగ్గర మిగిలింది పాత మురికేనని అక్కడ మీటింగులో అనుకున్నారట. మా ఊరికి ట్యాంకరు రోజూ రావడం మానేసి మూడు రోజులకోసారి వచ్చింది. నెల తిరిగేసరికి అదీ నమ్మకం లేకుండా పోయింది.

ఒకరోజు సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే బడి దగ్గర పంపు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఎర్రరంగు పంపు. కొడుతున్నది మా వదిన. కడుపుతో ఉన్న మనిషి, ఒక చేత్తో నడుము పట్టుకుని కొడుతోంది. పరిగెత్తి వెళ్ళాను. ఆ పంపు నీళ్ళు తాగొద్దని రంగు పూశారు కదా అన్నాను.

"ట్యాంకర్ రాక నాలుగు దినాలాయె" అంది. "నీళ్ళు మంచిగైనయని ఆఫీసోళ్ళు రాసిండ్రంట గద. నువ్వు తెచ్చిన సీసలల్లనే గదా సూసింది? గందుకే తాగుతున్నం."

ఎగతాళిగా అనలేదు. నిజంగానే నమ్మి అంది. ఊళ్ళో చదువుకున్న పిల్లని నేను, నీళ్ళ సంగతి తెలిసినదాన్ని నేను. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళూ అదే నమ్మకంతో నా వైపు చూసి నవ్వారు. బిందె నేనెత్తుకుని ఇంటికి తెచ్చాను. నాయిన చెంబు ముంచి తాగాడు. నేను కూడా ఒక గ్లాసు ముంచుకుని తాగాను. అది ఏ లెక్కనో నాకే తెలియదు. వాళ్ళు తాగుతుంటే నేను తాగకుండా ఉండలేకపోయాను.

అన్నకు చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి నన్ను చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. రెండోసారి, ట్యాంకరు రాకపోవడానికీ ఆ సీసాకూ సంబంధం లేదన్నాడు. అతనికి తెలుసని గొంతులోనే ఉంది. నాలుగు రోజులు అలా గడిచాయి. ఆఫీసులో ఉంటే ఇంటికి పోవాలంటే భయం, ఇంట్లో ఉంటే ఆఫీసుకు పోవాలంటే భయం. బస్సులో కూర్చున్న అరగంట మాత్రం కాస్త ఊపిరాడేది.

ఐదో రోజు మేడమ్ ఒక్కతే ఉన్నప్పుడు తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పాను. అన్న పేరు కూడా చెప్పాను. ఆమె ముందున్న రిజిస్టరు మూసింది. అప్పుడు అంది:

"నాకు అనుమానం వచ్చింది. కానీ అడగలేదు. అడిగితే నువ్వు చెప్పేస్తావని భయపడ్డాను. బాగున్న పట్టిక పంపితే పైనుంచి ఎవరూ ఫోన్ చేయరు."

ఆ అంకె కొట్టేయవచ్చా అని అడిగాను. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదని చెప్పింది. నువ్వు జరిగింది కాగితం మీద రాసి సంతకం పెడితే పంపుతాను అంది. కాగితం ఇచ్చింది. పెన్ను తీశాను. మొదటి వాక్యంలోనే అన్న వస్తాడు. అతను లేకుండా ఆ విషయం రాయడానికి వీల్లేదు. రాయలేకపోయాను. మేడమ్ కాసేపు చూసి ఆ తెల్లకాగితం వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టింది. రేపు మనిద్దరం వెళ్దాం, ఇంట్లో చెప్పకు అంది.

ఆ సాయంత్రం అన్న నా ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నాడు. తారీఖు అడగలేదు. నేను చెప్పలేదు. నేను అతనికి చేసిన ద్రోహం ఏదైనా ఉంటే అది ఆ అన్నం దగ్గర చేసినదే.

మర్నాడు కాలువ నిండుగానే పారుతోంది. అన్న ఆ షిఫ్టులో లేడు, ఇంకెవరో ఉన్నారు. మమ్మల్ని చూసి లోపలికి పరిగెత్తారు. మేడమ్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని తానే నీళ్ళలోకి దిగి సీసా నింపింది. నేను మందు చుక్కలు వేశాను. తెల్లగా దిగింది. ఆమె ఆ సీసాను వెలుతురులో పట్టుకుని చూసి, చీటీ మీద తన పేరే రాసుకుంది.

ఫ్యాక్టరీకి నోటీసు వెళ్ళింది. వాళ్ళు అది షిఫ్టులో పనిచేసేవాళ్ళ పొరపాటని జవాబు రాసి, అన్ననూ ఇంకొకరినీ తీసేశారు. అన్న చెప్పినట్టే జరిగింది. అతను మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. టిఫిన్ డబ్బా మూత తీయకుండానే గూట్లో పెట్టి, మంచం వాల్చుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరు చేయించారో అతను అడగలేదు. నేను చెప్పనూ లేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

ఒకే ఇల్లు. రెండు గదులు, మధ్యలో వాకిలి. నాతో ఏదైనా చెప్పాలంటే నా ముందే వదినతో, "దానికి చెప్పు" అనేవాడు. ఉద్యోగం వదిలేసి ఎక్కడికైనా పోవాలని నాకు ఆ రోజుల్లో ప్రతిరోజూ అనిపించేది. కానీ ఇప్పుడు ఇల్లు నడిచేది నా ఉద్యోగం మీదే. నేను తీయించిన పనికి బదులు నేను పని చేయాలి. ప్రతినెలా మళ్ళీ అదే వంతెన, అదే కాలువ. ఫ్యాక్టరీ కొన్ని వారాలు మూతపడి మళ్ళీ నడిచింది. వానలు అయ్యాక ట్యాంకరు మళ్ళీ రోజూ రావడం మొదలుపెట్టింది. వదిన కాన్పు బాగానే అయింది, ఆడపిల్ల. బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడల్లా వదిన నన్ను పిలిచి ఈ నీళ్ళు పర్వాలేదా అని అడిగేది. జవాబు చెప్పే ముందు ప్రతిసారీ ఆ నీళ్ళను వెలుతురులో పట్టుకుని చూసేదాన్ని.

ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున బర్రె తాడు తెంపుకుని వాగువైపు ఉరికింది. అన్న వెనక పరిగెడుతూ, "చెల్లె, అడ్డం పో, తాగనియ్యకు" అని కేకవేశాడు. నేను పళ్ళు తోముకుంటున్నదాన్ని అలాగే పరిగెత్తి అడ్డం నిలబడ్డాను. ఇద్దరం కలిసి దాన్ని కొట్టంలో కట్టేశాం. అప్పటి నుంచి అవసరమైన మాటలు మాట్లాడుకున్నాం. సీసా మాట మాత్రం రాలేదు.

మంజీర మంచినీళ్ళ పైపు మా ఊరికి ఆ తర్వాత చాలా ఏళ్ళకు వచ్చింది. నాయిన దాన్ని చూడలేదు. నాకు ఉద్యోగం ఖాయమై సంగారెడ్డికి మారాను. రెండువేల తర్వాత పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరులో ఎక్కించమన్నారు. మేడమ్ అప్పటికి రిటైరైపోయింది. ఆ గురువారం పేజీ నా వంతుకే వచ్చింది. నా చేతిరాతే. పక్కన ఏదైనా గమనిక రాయవచ్చా అని మా ఆఫీసరును అడిగాను. అంకెలకు తప్ప చోటు లేదన్నాడు. ఎక్కించాను. ఇప్పుడు ఎవరు ఏ పని మీద ఆ అంకెలు తీసినా, ఆ నెల మా వాగు బాగుందనే తెలుస్తుంది.

అన్న కొన్నాళ్ళు కూలికి పోయి, తర్వాత ఆటో కొనుక్కున్నాడు. పటాన్‌చెరు నుంచి పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేట వైపు నడిపేవాడు. ఒకసారి నేను ఊరికి వచ్చినప్పుడు నన్ను బస్టాండులో దించడానికి ఎక్కించుకున్నాడు. ఆటోలో మేమిద్దరమే. వంతెన దాటుతుండగా అద్దంలో కాకుండా నేరుగా ముందుకే చూస్తూ అన్నాడు:

"ఆ దినం నువ్వు నన్ను తిట్టి, సీస నింపుకొని పోతవనుకున్న చెల్లె. నువ్వు లేచి పోతుంటే నాకు భయమైంది."

నేను కూడా నువ్వు చేయి తీసేస్తావనుకున్నాను అన్నాను. అతను తల ఊపాడు. బస్టాండు వచ్చింది. నా సంచి దించి ఇచ్చి, వదిన కట్టిన కూరడబ్బా జాగ్రత్త అన్నాడు. నేను బస్సు ఎక్కి కిటికీలోంచి చూసేసరికి ఆటోలో ముగ్గురు ఎక్కేశారు. నాలుగో మనిషి కోసం అన్న బయట నిలబడి పటేల్‌గూడ, పటేల్‌గూడ అని పిలుస్తున్నాడు.